పాత యుద్ధ తుపాకీ చేతికొస్తే: కాపాడుకునే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాత ఇంట్లో తుపాకీ ఉందంటే అది చాలావరకు భర్మారు, అంటే మూతి నుంచి మందు దట్టించే తుపాకీ అయి ఉంటుంది, లేదంటే నిజాం కాలంలో లైసెన్సు తీసుకున్న వేట తుపాకీ. నిజంగా యుద్ధం చూసిన సైనిక రైఫిలు అరుదు. అలాంటిది కనబడగానే జనం చేసే మొదటి పని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. గరుకు కాగితం తెచ్చి రుద్దుతారు, చెక్కకు వార్నిష్ కొడతారు, ఇత్తడిని చింతపండుతో తోమి తళతళలాడిస్తారు. వందేళ్ల చరిత్ర ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపెట్టుకుపోతుంది.

నేను జిల్లా సాయుధ రిజర్వు పోలీసులో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే పోలీసు ఆయుధాల గదిలో, త్రీ నాట్ త్రీ (.303) రైఫిళ్లు విప్పడం, తుడవడం, బిగించడం, లెక్క అప్పజెప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు లైసెన్సు ఉన్న కుటుంబాలవాళ్లు, స్మారక భవనాలు చూసుకునేవాళ్లు పిలిస్తే వెళ్లి సలహా చెబుతుంటాను. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. అందులో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: పాత తుపాకీని కొత్తదానిలా చేయకండి. దాని మీద ఉన్న ప్రతి ముద్రా, ప్రతి గీతా సాక్ష్యం. మీ పని ఆ సాక్ష్యం చెరిగిపోకుండా చూడటం.

మన జిల్లాల్లో ఇది మరీ అవసరం. తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన 1946 నుంచి 1951 వరకు ఈ నేల మీద ఒకే రకం రైఫిలు ఎన్ని పక్షాల చేతుల్లో తిరిగిందో ఆలోచించండి. నిజాం బలగాల దగ్గర త్రీ నాట్ త్రీ. వడిసెలలు, భర్మార్లతో మొదలైన సంఘం (ఆంధ్ర మహాసభ) దళాలు శత్రువు నుంచి గుంజుకున్నదీ త్రీ నాట్ త్రీ. 1948 సెప్టెంబరులో వచ్చిన భారత సైన్యం భుజాన ఉన్నదీ అదే. ఆకారం చూసి ఎవరిదో చెప్పలేం. ముద్రలు చదివితేనే తెలుస్తుంది. ముద్రల మీద గరుకు కాగితం పెట్టారా, ఇక ఎవరూ చెప్పలేరు.

ముందు కాగితాలు

సేకరణ అనగానే కొనడం గుర్తొస్తుంది. మన దేశంలో సైనిక రైఫిలు విషయంలో ఆ దారి మామూలు పౌరుడికి మూసుకుపోయినట్టే. .303, 7.62 మిల్లీమీటర్ల రైఫిళ్లు, .410 మస్కెట్లు నిషిద్ధ ఆయుధాల జాబితాలో ఉన్నాయి. వాటికి అనుమతి ఇవ్వాల్సింది కలెక్టరు కాదు, కేంద్ర హోం శాఖ. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించాక, అనుమతి లేకుండా నిషిద్ధ ఆయుధం దగ్గర ఉంచుకుంటే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా పద్నాలుగేళ్ల జైలు. మామూలు లైసెన్సు మీద ఒకరి దగ్గర ఉండగల తుపాకులను కూడా అదే సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండింటిలోకే వస్తాయి.

"మా తాతగారిది, పనిచేయదు, గోడకు ఊరికే ఉంది" అనే మాట తరచూ వింటాను. చట్టంలోని 45వ సెక్షన్ పాతబడిన నమూనా ఆయుధాలకూ, పురావస్తు విలువ ఉన్నవాటికీ, పాడైపోయినవాటికీ మినహాయింపు ఇస్తుంది. నిజమే. కానీ అదే వాక్యంలో ఒక షరతు ఉంది: మరమ్మతు చేసినా చేయకపోయినా అది తుపాకీగా పనికిరాని స్థితిలో ఉండాలి. మరమ్మతు చేస్తే పేలుతుందంటే మినహాయింపు లేదు. ఆ తీర్పు ఇంట్లో కూర్చుని చెప్పేది కాదు. ఆర్మరర్ చూసి రాసివ్వాలి, అధికారులు ఒప్పుకోవాలి.

లైసెన్సుదారు చనిపోతే ఆలస్యం చేయకుండా తుపాకీని పోలీసు స్టేషన్‌లోగాని, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గరగాని అప్పగించి రశీదు తీసుకోండి. ఆ తర్వాత వారసుడి పేరుతో దరఖాస్తు పెట్టండి. లైసెన్సుదారు బతికుండగానే బదిలీ చేసే వీలుంది: ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా 2016 నాటి నిబంధనలు ఒప్పుకుంటాయి. పెద్దాయన తిరగగలిగినప్పుడే ఈ పని పూర్తి చేయించండి. ఆయన పోయాక సోదరుల మధ్య మాట తేలేలోపు స్టేషన్ గదిలో మూడు వానాకాలాలు గడిచిన రైఫిలు ఎలా ఉంటుందో నేను చూశాను.

బావి పూడిక తీస్తుంటేనో, గడీ గోడ కూలుస్తుంటేనో తుపాకీ బయటపడితే అసలు ముట్టుకోవద్దు. ఫొటో తీసి, పిల్లలను దూరం పంపి, స్టేషన్‌కు ఫోను చేయండి. భూమిలో దాచిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం కూడా చెబుతోంది. అప్పగించేటప్పుడు అర్జీలో ఒక వాక్యం తప్పక రాయండి: "విచారణ ముగిశాక ధ్వంసం చేయకుండా రాష్ట్ర వారసత్వ శాఖ పరిశీలనకు పంపాలని కోరుతున్నాను." స్వాధీనమైన ఆయుధాలు చివరికి ముక్కలై కొలిమికి పోయే అవకాశం ఉంది. ఆ ఒక్క వాక్యం ఒక రైఫిలును కాపాడవచ్చు.

రైఫిలు లేకుండానే మంచి సేకరణ చేయవచ్చని కూడా చెప్పాలి. బట్టు (భుజానికి ఆనించే వెనుక చెక్క) లోపలి అరలో ఉండే ఇత్తడి నూనె సీసా, గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు, ఐదు తూటాలు పట్టే ఖాళీ క్లిప్పు, తూటాలు పెట్టుకునే నూలు బాండోలియర్, భుజానికి తగిలించుకునే నేత పట్టీ (స్లింగు), ఉర్దూలో రాసిన నిజాం కాలపు లైసెన్సు కాగితం, తుపాకీ పట్టుకుని దిగిన ఫొటో. ఇవన్నీ పాత సామాన్ల దుకాణాల్లో తుక్కు కింద పోతున్నాయి. తుపాకీ మూతికి తగిలించే కత్తి, బాయొనెట్ మాత్రం ఆయుధాల జాబితాలో పేరుతో సహా ఉంది, అడగకుండా కొనవద్దు.

ఖాళీయేనని తేల్చుకోవడం

త్రీ నాట్ త్రీ అయితే ఇది సులువు. గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి, మ్యాగజైన్ తీసేసి, బోల్టు పిడిని పైకెత్తి పూర్తిగా వెనక్కి లాగండి. తూటా కూర్చునే చాంబరులోకి టార్చి వేసి చూడండి, తర్వాత చిటికెన వేలు పెట్టి చూడండి. కన్ను ఒక్కటే చాలదు, మసిలో తూటా అడుగు కనబడకపోవచ్చు.

భర్మారు దగ్గరే ప్రాణాపాయం. గొట్టం మూతి నుంచి మందు, గుండు దట్టించే తుపాకీ అది. పెద్దలు దట్టించి ఉంచి, పేల్చకుండానే గోడకు తగిలించి ఉంటారు. ఆ నల్ల తుపాకీ మందు పొడిగా ఉంటే దశాబ్దాలు గడిచినా చావదు. అందుకని సన్నని కర్ర పుల్లను నెమ్మదిగా మూతిలోంచి ఆగేదాకా దించండి. మీ ముఖం, చేయి మూతికి ఎదురుగా ఉండకూడదు. పుల్ల మీద మూతి దగ్గర గుర్తు పెట్టి బయటికి తీసి, అదే పుల్లను గొట్టం పక్కన పెట్టి కొలవండి. పుల్ల కొస నిప్పు రంధ్రం దాకా వస్తే లోపల ఏమీ లేనట్టు. నాలుగు వేళ్ల ముందే ఆగిపోయిందంటే లోపల మందు ఉందనే అనుకోవాలి. తవ్వవద్దు, వేడి చేయవద్దు, నీళ్లు పోశాం కదా అని ధీమాగా ఉండవద్దు. పోలీసు ఆర్మరర్‌ను పిలిపించండి. పెట్టెలో దొరికిన పాత తూటాలకూ ఇదే మాట.

ముద్రలు చదవడం

బోల్టు పిడి వెనుక, చెక్క బట్టును పట్టి ఉంచే ఇనుప పట్టీ ఉంటుంది. దాన్ని బట్ సాకెట్ అంటాం. త్రీ నాట్ త్రీలలో నంబర్ వన్ అనే రకం రైఫిలుకు కుడివైపున ఆ పట్టీ మీదే జాతకం అంతా ఉంటుంది. పైన కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, తర్వాత ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, మోడల్. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ పేరు మన దగ్గర ఎక్కువగా కనబడుతుంది. ఎన్‌ఫీల్డ్, బీఎస్ఏ, ఆస్ట్రేలియాలోని లిత్‌గో పేర్లు కూడా రావచ్చు. మోడల్ దగ్గర "ఎస్‌హెచ్‌టి ఎల్ఈ" (షార్ట్ లీ-ఎన్‌ఫీల్డ్) అని ఉంటే పాత పద్ధతి. 1926లో పేర్లు మార్చాక "నంబర్ 1" అని కొట్టడం మొదలైంది. మోడల్ అంకె మార్క్ త్రీ (III) పక్కన నక్షత్రం ఉంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో తయారీ వేగం పెంచడానికి కొన్ని భాగాలు తగ్గించిన రకం అన్నమాట.

ఈ ముద్ర ఎంత పని చేస్తుందో చూడండి. ఇంట్లో తరతరాలుగా "రజాకారు చేతిలోంచి గుంజుకున్నది" అని చెప్పుకుంటున్న రైఫిలు సాకెట్ మీద కిరీటానికి బదులు మూడు సింహాలు ఉంటే, అది స్వతంత్ర భారత ప్రభుత్వం కోసం తయారైనది. 1948 కథ దానికి అతకదు. కథ అబద్ధమని కాదు. అది మరో తుపాకీ కథ అయి ఉండవచ్చు.

తర్వాత నంబర్లు కలుస్తాయో లేదో చూడండి. బోల్టు కదిలే ఇనుప చట్రం (రిసీవర్) మీద, బోల్టు పిడి వెనుక, మూతి దగ్గరి ఇనుప తొడుగు (నోజ్ క్యాప్) మీద, గురి చూసే సైటు పలక అడుగున ఒకే నంబరు ఉండాలి. బోల్టు నంబరు వేరైతే అది వేరే రైఫిలు బోల్టు. బోల్టును ఒక్కో రైఫిలుకు విడిగా సరిచూసి అమరుస్తారు. అందుకే రెండు మూడు తుపాకులు ఒకేసారి శుభ్రం చేసేటప్పుడు బోల్టులు కలిసిపోకుండా దారంతో కట్టి ఉంచండి. "ఎఫ్‌టిఆర్" అని, పక్కన ఏడాది ఉంటే ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి బాగుచేసిన సంవత్సరం అది. అది లోపం కాదు, రైఫిలు జీవితంలో మరో అధ్యాయం. "డీపీ" అని ఉంటే కవాతుకు మాత్రమే కేటాయించినది. ముందు చెక్కకు రాగి తీగ చుట్టి ఉంటే గ్రెనేడ్ విసరడానికి వాడినది. ఆ తీగను అనవసరమైనదనుకుని విప్పేస్తుంటారు, దయచేసి ఆ పని చేయవద్దు. ఆకారం అచ్చం త్రీ నాట్ త్రీలా ఉండి గొట్టం లోపల మెలి గాళ్లు లేకుండా నున్నగా ఉంటే అది .410 మస్కెట్ కావచ్చు. అల్లర్లు అణచడానికి పోలీసులకు ఇచ్చిన రకం.

బట్టు మీద రంగుతో వేసిన ర్యాకు నంబరు, చెక్క మీద కత్తితో చెక్కిన పొడి అక్షరాలు కూడా ముద్రలే. వాటి జోలికి పోకండి.

శుభ్రం చేయడం

తెల్లటి నూలు గుడ్డతో ఇనుమును మెల్లగా తుడవండి. గుడ్డకు నారింజ రంగు పొడి అంటితే తుప్పు ఇంకా తింటోందని అర్థం, దాన్ని ఆపాలి. ముదురు గోధుమ రంగులో గట్టిగా, నున్నగా ఉండి ఏమీ అంటకపోతే అది వయసు తెచ్చిన పొర. దాన్ని అలాగే ఉంచండి. తినే తుప్పు మీద సన్నని మెషిన్ ఆయిల్ రాసి ఒకటి రెండు రోజులు నాననిచ్చి, అత్యంత సన్నని రకం ఉక్కు పీచుతో, అదీ నూనెతోనే, వేలి కొసతో తిప్పినట్టు రుద్దండి. ముద్రల మీద పీచు కూడా వద్దు, మెత్తటి నైలాన్ బ్రష్షు చాలు. వైరు బ్రష్షు, గ్రైండరు, తుప్పు వదిలించే ఆమ్లం ఇంట్లోకే రానివ్వకండి. కొబ్బరి నూనె, వంట నూనె రాసేవాళ్లున్నారు. అవి జిడ్డుగా ముదిరి దుమ్మును పట్టి ఉంచుతాయి. అంతా అయ్యాక మ్యూజియంలలో వాడే రెనైజాన్స్ మైనాన్ని పలుచగా పట్టించండి. అది బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో తయారైనది, లోహానికీ చెక్కకూ పనికొస్తుంది.

గొట్టం లోపలి సంగతి వేరు. ఆ కాలపు తూటాల అడుగున నిప్పు పుట్టించే క్యాపులో (ప్రైమర్‌లో) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలేది ఉప్పు. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చి ఇనుమును తింటుంది. ఎంత నూనె రాసినా ఉప్పు కరగదు, నూనె కిందే తుప్పు నడుస్తుంది. నీళ్లకే అది లొంగుతుంది. అందుకే పాత సైనికులు గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారు. గరాటుకు రబ్బరు గొట్టం తగిలించి చాంబరు వైపు నుంచి పోయండి, చెక్క తడవకూడదు. ఆ వేడికి గొట్టం తనంతట తానే ఆరిపోతుంది. తర్వాత పొడి గుడ్డ, ఆపైన నూనె గుడ్డ. మన బోరు నీళ్లు మాత్రం వాడవద్దు. నల్లగొండ నీళ్లలో ఏమున్నాయో మన ఎముకలకు తెలుసు, ఇనుముకూ ఆ లవణాలు మంచివి కావు. ఇన్వర్టర్ బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. పుల్‌త్రూ ఎప్పుడూ చాంబరు నుంచి మూతి వైపే లాగాలి, తాడు మూతి అంచుకు ఒరుసుకోకుండా తిన్నగా రావాలి.

చెక్కకు పచ్చి అవిసె నూనె. చెంచాడు నూనెను అరచేతిలో వేసుకుని, చేతి వేడితోనే మర్దన చేసినట్టు పట్టించండి. అరగంట ఆగి మిగిలినదంతా తుడిచేసి కొన్ని రోజులు ఆరనివ్వండి. ఏడాదికి ఒకసారి చాలు. నూనె తుడిచిన గుడ్డను ముద్దగా మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి పోగుపడి దానంతట అదే అంటుకుంటుంది. మన మే నెల ఎండలో ఇది ఉత్త భయం కాదు. గుడ్డను బయట తాడు మీద పరచి ఆరేసి, తర్వాత నీళ్లలో ముంచి పారేయండి. చెక్కను చిత్రిక పట్టడం, సొట్టలు ఆవిరితో లేపడం, వార్నిష్ కొట్టడం వద్దే వద్దు. ఇత్తడి మీది చామనఛాయను కూడా ఉండనివ్వండి. చింతపండు పులుపు దాన్ని తీసేయడమే కాక ఇనుము కలిసే చోట్లలోకి దిగి లోపల్లోపల తినేస్తుంది.

విప్పడం గురించి ఒక గట్టి హెచ్చరిక. నంబర్ వన్ రైఫిలులో బట్టును బిగించే పొడవాటి బోల్టు కొస చతురస్రంగా ఉండి ముందు చెక్క వెనుక భాగంలోని పలకలో కూర్చుంటుంది. ముందు చెక్క తీయకుండా ఆ బోల్టు తిప్పారంటే ఆ చెక్క చీలుతుంది. పాత రైఫిళ్లలో ఆ చోట కనిపించే పగుళ్లకు చాలాసార్లు ఇదే కారణం. నేర్చినవాళ్లు పక్కన లేకపోతే బోల్టు, మ్యాగజైన్ తీయడంతో ఆగిపోండి. గాడికి సరిగ్గా సరిపోని స్క్రూడ్రైవరు అసలే పెట్టవద్దు.

ఉంచే చోటు

సున్నపు గోడకు ఆనించవద్దు, వానాకాలంలో ఆ గోడ తేమ ఊరుతుంది. తోలు సంచిలో, స్పాంజి పెట్టెలో ఏళ్ల తరబడి ఉంచవద్దు, రెండూ తేమను పట్టి ఉంచుతాయి. తాళం వేసే ఇనుప బీరువా మంచిది. బోల్టును వేరే తాళం కింద ఉంచండి. రైఫిలును బట్టు మీద నిలబెట్టి ఏళ్లు వదిలేస్తే నూనె కిందికి జారి మెడ దగ్గరి చెక్కను మెత్తబరుస్తుంది. అందుకని పడుకోబెట్టండి, లేదా మూతి కిందికి ఉండేలా పెట్టండి. తేమ కొలిచే చిన్న మీటరు కొని బీరువాలో పెట్టి, అది 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. సిలికా జెల్ పొట్లాలు నీలం నుంచి గులాబీ రంగుకు మారితే ఓవెన్‌లో వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. వేసవిలో ఆ గదిలో నీళ్ల కూలర్ పెట్టవద్దు. మన ఇళ్లలో రైఫిళ్లకు వానకంటే ఎక్కువ చెరుపు చేసేది కూలరే. ఎండకు ఎండిన చెక్క ఆ తడిగాలికి ఉబ్బుతుంది, మళ్లీ ఎండుతుంది, చివరికి పగులుతుంది. చెక్క ర్యాకు అయితే కాళ్ల కింద చెదల జాడ నెలనెలా చూడండి.

దసరా ఆయుధపూజ సంగతి. పోలీసు లైన్లలో నేను ప్రతి ఏటా చేసిన పూజ అది, వద్దని ఎలా అంటాను? పసుపు కుంకుమలు ఇనుముకు రాయకండి, అంతే. తడి పసుపు చెక్కలోకి ఇంకితే పోదు. నిమ్మకాయ రసం, కొబ్బరి నీళ్లు తగిలిన చోట మర్నాటికే మచ్చ. రైఫిలును తెల్లగుడ్డ మీద ఉంచి, బొట్టు ఆ గుడ్డకు పెట్టండి. పూలదండను గుడ్డ మీదే ఉంచి సాయంత్రం తీసేయండి.

రాసి ఉంచడం

ఒక నోటు పుస్తకంలో పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు కంటికి కనిపించేది: ముద్రలు, నంబర్లు, సంవత్సరాలు, పగుళ్లు, మీరు ఏ రోజు ఏ నూనె రాశారో. కుడివైపు చెవికి వినిపించేది: ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, వాళ్లు కళ్లారా చూశారా, విన్నారా. రెండింటినీ ఎప్పుడూ కలపవద్దు. ఆ రోజులు చూసిన పెద్దలు ఊళ్లలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే ఉన్నారు. తుపాకీకి నూనె రాయడం వచ్చే నెలకు వాయిదా వేసినా ఫరవాలేదు, వాళ్ల మాట ఫోనులో రికార్డు చేయడం ఈ వారమే చేయండి. ముద్రలను పక్క నుంచి వెలుగు పడేలా టార్చి పెట్టి ఫొటో తీస్తే అరిగిన అక్షరాలు కూడా లేచి కనబడతాయి. సుద్దపొడి నింపి చదివే అలవాటు మానండి.

ఇంట్లో చూసుకునేవాళ్లు లేరనిపిస్తే ఆ నోటు పుస్తకంతో సహా రాష్ట్ర వారసత్వ శాఖకు రాయండి. మన దగ్గర పానగల్లులో, పిల్లలమర్రిలో మ్యూజియంలున్నాయి. పాత ఆయుధాలను ఎలా ప్రదర్శిస్తారో చూడాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గదికి వెళ్లండి. భర్మారు ఉన్నవాళ్లు తప్పక చూడాల్సిన గది అది.

ఏడాదికి రెండు తనిఖీలు పెట్టుకోండి. ఒకటి మృగశిర కార్తెకు ముందు, వాన పడకమునుపే: మైనం, సిలికా జెల్, చెదలు చూసుకోవాలి. రెండోది దసరా అయిన వారంలో: తెల్లగుడ్డతో తుడిచి గుడ్డ రంగు చూడండి, నారింజ అంటితే ఆ చోటును నోటు పుస్తకంలో రాసుకుని, ఆ రోజే నూనె పెట్టండి.